వెలికొండ, నల్లమల ముడతల కథ: నెల్లూరు, ప్రకాశం కొండలపై తరచుగా అడిగే ప్రశ్నలు

మార్కాపురం మీదుగా శ్రీశైలం వెళ్లేవాళ్లు, నెల్లూరు నుంచి పెంచలకోనకో ఉదయగిరికో వెళ్లేవాళ్లు దారిలో కొండల్ని చూసి అడిగే ప్రశ్నలు కొన్ని, జియాలజీ చదివే పిల్లలు అడిగేవి కొన్ని కలిపి ఇక్కడ జవాబులు రాశాను. నెల్లూరు, ప్రకాశం అన్నప్పుడల్లా 2022 పునర్విభజనకు ముందున్న పాత జిల్లాలనే తీసుకోండి. గూడూరు, సూళ్లూరుపేట, కందుకూరు, అద్దంకి ప్రాంతాలు ఆ తర్వాత జిల్లాలు మారాయి కాబట్టి ఈ మాట ముందే చెప్పడం మంచిది.

మన కొండలు కూడా హిమాలయాల్లాగా ముడత పర్వతాలేనా?

నల్లమల, వెలికొండ రెండూ ముడత పర్వతాలే, అంటే పక్కల నుంచి ఒత్తిడి వచ్చి రాతి పొరలు మడతలు పడగా లేచినవే. తేడా అంతా వయసులో ఉంది. భారత ఫలకం (భూమి పైపొరలో మెల్లగా కదిలే పెద్ద రాతి ముక్క) ఆసియాను ఢీకొని హిమాలయాలు లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లయింది, ఇప్పటికీ లేస్తూనే ఉన్నాయి. మన కొండల్లోని రాళ్లు మొదట ముడతలు పడింది వంద కోట్ల ఏళ్లకు ముందు. ఆ కాలంలో భూమ్మీద చెట్టు లేదు, చేప లేదు. అప్పుడు లేచిన పర్వతాలు ఎప్పుడో అరిగిపోయాయి. గిద్దలూరు దగ్గరో రాపూరు దగ్గరో మనం ఇప్పుడు చూస్తున్నవి వాటి అడుగు భాగాలు. మెత్తటి రాయి కొట్టుకుపోగా గట్టి రాయి వరసలుగా నిలబడిపోయింది.

జిల్లాలోని కొండలన్నీ ఇలాంటివే అనుకోవద్దు. కనిగిరి కొండ గ్రానైట్. ఒంగోలు, అద్దంకి చుట్టుపక్కల విడివిడిగా కనిపించే కొండల్లో ఎక్కువ భాగం చార్నకైట్ అనే రాయి. వాటి కథ వేరు, కింద చెప్తాను.

పాఠ్యపుస్తకంలో నల్లమల, వెలికొండలు తూర్పు కనుమలని ఉంది కదా?

భూగోళశాస్త్రం లెక్కలో అది సరైనదే. తూర్పు తీరానికి సమాంతరంగా ఉన్న కొండలన్నిటినీ కలిపి అలా పిలుస్తారు. రాళ్లను పట్టి చూస్తే మాత్రం మూడు వేర్వేరు పట్టీలు కనిపిస్తాయి.

పడమటి నుంచి వస్తే మొదటిది నల్లమల. ఇది కడప బేసిన్ అనే పెద్ద పల్లపు ప్రాంతంలో భాగం. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న ఇసుక, బురద ఇక్కడ క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, పలకరాయి అయ్యాయి. రెండోది నెల్లూరు శిస్టు పట్టీ. శిస్టు అంటే అభ్రకం రేకులతో మెరుస్తూ పొరలుగా చీలే రాయి. గూడూరు దగ్గర మొదలై రాపూరు, ఉదయగిరి, వింజమూరు, కనిగిరి మీదుగా ఉత్తరానికి పోతుంది. ఇందులో రాళ్లు ఇంకా లోతుకు దిగి, ఇంకా వేడెక్కి, ఎక్కువ మారిపోయాయి. ఈ రెండు పట్టీలు కలిసేచోటే వెలికొండ వరస. మూడోది ఒంగోలు వైపున్న చార్నకైట్ ప్రాంతం. భూమి పొర బాగా లోపలి భాగంలో ఉడికిన రాళ్లివి. అసలైన తూర్పు కనుమల రాళ్లంటే జియాలజీవాళ్లు వీటినే అంటారు.

ఒంగోలులో బయల్దేరి కనిగిరి, పామూరు దాటి పడమటికి పోతే ఒక్క పూటలో ఈ మూడూ దాటేస్తాం. ఒక పాత పర్వతశ్రేణిని లోపలి నుంచి బయటికి అడ్డంగా కోసి చూసినట్టే. మన దేశంలో ఇంత తక్కువ దూరంలో ఇంత తేటగా కనిపించే చోట్లు ఎక్కువ లేవని నా అభిప్రాయం.

గట్టి రాయి విరగకుండా ఎలా వంగుతుంది?

అందరికీ వచ్చే అనుమానమే ఇది. చేతిలో ఉన్న క్వార్ట్‌జైట్ ముక్కను సుత్తితో కొడితే పగులుతుంది తప్ప వంగదు. అదే రాయి కొండ పక్కన విల్లులా వంగి కనిపిస్తుంది.

దీనికి మూడు కారణాలు కలవాలి. మొదటిది లోతు. పది కిలోమీటర్ల లోతున నాలుగు వైపుల నుంచీ ఎంత ఒత్తిడి ఉంటుందంటే, పగులు తెరుచుకోవడానికి చోటే దొరకదు. రెండోది వేడి. మామూలుగా కిలోమీటరు కిందికి పోతే 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. 300 డిగ్రీలు దాటేసరికి క్వార్ట్జ్ రేణువులు కరగకుండానే లోలోపల జరగడం మొదలుపెడతాయి. మూడోది అన్నిటికంటే ముఖ్యం, కాలం. ఫలకాలు ఏడాదికి సెంటీమీటర్ల లెక్కన కదులుతాయి. ఏడాదికి ఒక్క సెంటీమీటరు జరిగినా పది లక్షల ఏళ్లలో పది కిలోమీటర్లు జరిగినట్టు. పర్వతాలు పుట్టడానికి పట్టే కాలంలో పది లక్షల ఏళ్లంటే చాలా చిన్న ముక్క.

నేలమీద పరిచిన ఈతచాపను ఒక చివర నుంచి గోడవైపు నెడితే ఎలా మడతలు పడుతుందో తెలుసు కదా. పైకి లేచిన మడతను అపనతి అంటారు, కిందికి దిగినదాన్ని అభినతి అంటారు. చాపను ఎటు నెట్టామో మడతలు దానికి అడ్డంగా వస్తాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద చెప్పేవన్నీ సులువుగా అర్థమవుతాయి.

అన్ని రాళ్లూ ఒకేలా వంగవు. నల్లమలలో బైరేనికొండ పేరుతో పిలిచే క్వార్ట్‌జైట్ పొరలు మందంగా ఉంటాయి కాబట్టి పెద్దపెద్ద వంపులు తిరుగుతాయి, ఒక్క వంపు ఒక కొండంత ఉండొచ్చు. వాటి మధ్య, వాటి పైన ఉన్న కంభం పలకరాళ్లు పల్చటివి. అవి చిన్నచిన్నగా, ఒకదానిమీద ఒకటి నలిగిపోయి ఉంటాయి. రెండూ ఒకే ఒత్తిడికి లోనైనవే.

మార్కాపురం పలకలు అంత పల్చగా ఎలా చీలతాయి?

ఈ మొత్తం కథలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. మన తాతలు, నాన్నలు బలపంతో అక్షరాలు దిద్దిన పలక ఒక పర్వతం పుట్టినప్పుడు తయారైన వస్తువు. ఈ సంగతి జిల్లాలో ప్రతి పిల్లాడికీ తెలియాలి.

చాలామంది అనుకునేదేమిటంటే, బురద పొరలు పొరలుగా పేరుకుంది కాబట్టి ఆ పొరల వెంబడే పలక ఊడి వస్తుందని. అది నిజం కాదు. బురద గట్టిపడి రాయయ్యాక పక్కల నుంచి ఒత్తిడి వచ్చింది. రాయి ముడతలు పడుతుంటే అందులోని బంకమన్ను ఖనిజాలు సన్నటి అభ్రకం రేకులుగా మారాయి. ఆ రేకులన్నీ ఒత్తిడికి అడ్డంగా, ఒకే దిక్కుకు తిరిగి సర్దుకున్నాయి. కోట్లకొద్దీ రేకులు ఒకే వరసలో నిలబడేసరికి రాయికి కొత్త చీలే వాటం వచ్చింది. గనిలో పనిచేసేవాళ్లు ఉలి పెట్టి మెల్లగా కొడితే రాయి చీలేది ఈ వాటం వెంబడే, పాత పొరల వెంబడి కాదు.

నమ్మకం కలగకపోతే గని దగ్గర పడేసిన ఒక పలకరాయి ముక్క తీసుకుని నీళ్లు పోయండి. పొడిగా ఉన్నప్పుడు అంతా ఒకటే బూడిద రంగులో కనిపించే ముఖం మీద తడవగానే లేత, ముదురు చారలు తేలతాయి. ఆ చారలే అసలు పొరలు. ఒకప్పుడు సన్న ఇసుక కలిసి కొట్టుకొచ్చినప్పుడు లేత చార, ఉత్త బురద దిగినప్పుడు ముదురు చార. ఇప్పుడు ముక్కను పక్కకు తిప్పి అంచు చూడండి. చారలు ఒక దిక్కుకు, చీలిన వాటం ఇంకో దిక్కుకు పోతుంటాయి. రెండిటి మధ్య కోణం కొన్ని ముక్కల్లో చాలా తక్కువ, కొన్నిటిలో దాదాపు నిలువు. కోణం తక్కువగా ఉంటే ఆ ముక్క ముడత పక్కభాగం నుంచి వచ్చినట్టు. అడ్డంగా, లంబకోణానికి దగ్గరగా ఉంటే ముడత సరిగ్గా వంగేచోటి నుంచి వచ్చినట్టు. అరచేతి ముక్కలో కొండ ఆకారం తెలుస్తుంది.

ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చాక బడి పలకల గిరాకీ పడిపోయింది. ఇప్పుడు ఇదే రాయిని గోడలకు, నేలకు వేసే రంగురంగుల టైల్స్‌గా కోసి పంపిస్తున్నారు. రాయి పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి సిలికోసిస్ అనే జబ్బు వచ్చే ప్రమాదం ఈ పనిలో ఎప్పుడూ ఉంటుంది. తడిపి కోయడం, మాస్కు పెట్టుకోవడం మానకూడదు.

కొండ వరసలన్నీ ఉత్తర దక్షిణాలుగానే ఎందుకున్నాయి?

తూర్పు నుంచి పడమటికి నెట్టారు కాబట్టి. ముడతలు నెట్టిన దిక్కుకు అడ్డంగా వస్తాయి.

మ్యాపులో చూస్తే కడప బేసిన్ నెలవంక ఆకారంలో ఉంటుంది, లోపలి వంపు తూర్పువైపుకు. విస్తీర్ణం దాదాపు 44,500 చదరపు కిలోమీటర్లు. పడమటి అంచున, తాడిపత్రి వైపు, పొరలు దాదాపు పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే కొద్దిగా వాలి ఉంటాయి. తూర్పుకు వచ్చేకొద్దీ ముడతలు పెరుగుతాయి. వెలికొండ దగ్గరికి వచ్చేసరికి పొరలు నిటారుగా లేచి, కొన్నిచోట్ల బోర్లా తిరగబడి ఉంటాయి. నెల్లూరు శిస్టు పట్టీ మొత్తం ఒక పెద్ద పగులు వెంబడి పడమటికి జరిగి కడప రాళ్ల మీదికి ఎక్కింది. అందుకే ఇక్కడ పాత రాళ్లు పైన, వాటికంటే కొత్తవి కింద ఉంటాయి. ఇలాంటి పగులును ఒత్తిడి భ్రంశం అంటారు. నల్లమల పడమటి అంచున కూడా ఇదే జరిగింది, అక్కడ నల్లమల రాళ్లు కర్నూలు సున్నపురాళ్ల మీదికి ఎక్కాయి.

అసలు ఎవరు నెట్టారు? ఆ చరిత్ర వరసగా చెప్పగలరా?

వరస చెప్తాను. అంకెలన్నీ ఉజ్జాయింపుగా తీసుకోండి.

మొదట పడమట ఒక పాత భూఖండం ఉంది. అనంతపురం, కర్నూలు గ్రానైట్లు దానివే, 250 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ పుట్టినవి. దాని తూర్పు అంచు కుంగి, 190 కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం చేరింది. ఇసుక, బురద, సున్నం కిలోమీటర్ల మందాన పేరుకున్నాయి. నల్లమల క్వార్ట్‌జైట్ పలకల మీద ఇప్పటికీ అలల గుర్తులు కనిపిస్తాయి. లోతులేని నీళ్లలో, ఒడ్డుకు దగ్గరగా ఇసుక మీద పడే గుర్తులవి.

అదే కాలానికి తూర్పున సముద్రపు నేల మూసుకుపోవడం మొదలైంది. పాత నెల్లూరు జిల్లాలోని కండ్ర దగ్గర సముద్రగర్భంలో పుట్టిన అగ్నిశిలల గుంపు ఉంది. దాని వయసు దాదాపు 185 కోట్ల ఏళ్లని లెక్క తేలింది. సముద్రపు నేల ముక్క భూఖండం అంచున ఇరుక్కుపోయి మిగిలిందంటే, మధ్యలో ఉన్న సముద్రం పోయి రెండు భూభాగాలు దగ్గరికి వచ్చాయన్నమాట.

160 నుంచి 170 కోట్ల ఏళ్ల కిందట ఒంగోలు వైపు భూభాగం తీవ్రంగా వేడెక్కింది. అక్కడి రాళ్లలో ఖనిజాల జంటలను బట్టి వేడి 900 డిగ్రీలు దాటిందని చెప్తున్నారు. ఆ భూభాగం పడమటి ఖండానికి అతుక్కుంది. ముడతల్లో మొదటివి ఈ కాలానివే అయ్యుండాలన్నది చాలామంది పరిశోధకుల మాట. భూమ్మీద ఖండాలన్నీ కలిసి కొలంబియా అనే మహాఖండంగా ఉన్న రోజులవి.

తర్వాత ఆ మహాఖండం చీలింది. చీలిక వెంబడి లోతు నుంచి సోడియం, పొటాషియం ఎక్కువున్న అరుదైన శిలాద్రవం పైకొచ్చింది. ఏల్చూరు, పురిమెట్ల, ఉప్పలపాడు దగ్గర ఉన్న నెఫెలిన్ సైనైట్ రాళ్లు వాటి గుర్తులు. ఏల్చూరు రాళ్ల వయసు దాదాపు 132 కోట్ల ఏళ్లు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ సి. లీలానందం 1989లో ఈ మొత్తం ప్రాంతానికి ప్రకాశం ఆల్కలైన్ ప్రావిన్స్ అని పేరుపెట్టారు. మన జిల్లా పేరు ప్రపంచ జియాలజీ పత్రికల్లో అలా స్థిరపడింది. కనిగిరి దగ్గర కూడా ఒక సముద్రపు నేల తునక ఉంది, 133 కోట్ల ఏళ్ల నాటిది. అంటే చీలిక సముద్రమయ్యేదాకా పోయి, ఆ సముద్రం కూడా మూసుకుపోయింది.

వంద కోట్ల ఏళ్ల కిందట రోడీనియా, 50 కోట్ల ఏళ్ల కిందట గోండ్వానా మహాఖండాలు ఏర్పడినప్పుడు ఇక్కడి పాత పగుళ్లు మళ్లీ కదిలాయి. నల్లమల రాళ్లు తమకంటే కొత్తవైన కర్నూలు రాళ్ల మీదికి ఎక్కడం ఈ ఆలస్యపు కదలికల్లోనే జరిగిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు.

ఆఖరుగా 13 కోట్ల ఏళ్ల కిందట తూర్పు అంటార్కిటికా మన తీరం నుంచి విడిపోయింది. ఒంగోలు రాళ్ల తోబుట్టువులు ఇప్పుడు అక్కడి ఎండర్‌బీ ల్యాండ్ మంచు అంచున ఉన్నాయి. ఆ చీలిక కాలంలో పేరుకున్న మట్టిరాళ్లు బూదవాడ, వేమవరం, పావులూరు దగ్గర కనిపిస్తాయి. వేమవరం రాళ్లలో ఆకుల అచ్చులు, బూదవాడ రాళ్లలో అమ్మోనైట్ అనే అంతరించిపోయిన సముద్రజీవి గవ్వలు దొరికాయి. ఆ పొరల్లో ముడతలు లేవు, కొంచెం వాలి ఉంటాయంతే. అంటే పర్వతాలు పుట్టించే పెద్ద ఒత్తిడి అప్పటికే ఆగిపోయింది.

ఇన్ని కోట్ల ఏళ్లని ఎలా లెక్కగడతారు?

జిర్కాన్ అనే చిన్న ఖనిజం వల్ల. ఇసుకరేణువంత ఉండే ఈ స్ఫటికం పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి తీసుకుంటుంది, సీసాన్ని రానివ్వదు. యురేనియం-238 కాలక్రమంలో సీసంగా మారుతుంది, సగం మారడానికి 447 కోట్ల ఏళ్లు. స్ఫటికంలో ఇప్పుడు రెండూ ఎంతెంత ఉన్నాయో కొలిస్తే పుట్టిన కాలం తెలుస్తుంది. ముడత వయసు నేరుగా తెలియదు. ముడత పడిన రాయి వయసు, ఆ ముడతను అడ్డంగా కోసుకుంటూ తర్వాత దూరిన గ్రానైట్ వయసు రెండూ తెలిస్తే, ముడత ఆ రెండిటి మధ్య పడిందని చెప్పొచ్చు. ఈ పద్ధతులేవీ లేని రోజుల్లో, 1870, 1880 ప్రాంతంలోనే, జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఈ కొండలన్నీ తిరిగి పొరల వరస తేల్చాడు. ఆ వరసలో పెద్ద భాగం ఇప్పటికీ వాడుకలో ఉంది.

సైదాపురం అభ్రకానికీ ఈ ముడతలకూ సంబంధం ఉందా?

ఉంది. మన ఊళ్లలో కాకిబంగారం అని పిల్లలు ఏరుకునే అభ్రకం గూడూరు, సైదాపురం, రాపూరు, కలిచేడు ప్రాంతంలో పెగ్మటైట్ అనే రాతి చారల్లో దొరుకుతుంది. పర్వతం పుట్టేటప్పుడు లోతున రాయి కొంత కరిగి, మిగిలిన ఆఖరి ద్రవం శిస్టు రాళ్ల సందుల్లోకి, ముడత వంపుల్లోకి దూరి మెల్లగా గడ్డకట్టింది. అందుకే స్ఫటికాలు అంత పెద్దగా పెరిగాయి. వాటితోపాటే పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అక్కడక్కడా బెరిల్ వస్తాయి. నెల్లూరు అభ్రకం లేత ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది.

పెగ్మటైట్ చుట్టూ ఉన్న శిస్టును కూడా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఎండలో తిప్పితే తళతళ మెరుస్తుంది. అందులో మిరియపుగింజంత నుంచి శనగగింజంత దాకా ముదురెరుపు గార్నెట్లు కనిపిస్తాయి. అభ్రకం రేకులు గార్నెట్ దగ్గరికి వచ్చేసరికి పక్కకు తప్పుకుని, దాన్ని చుట్టి, అవతల మళ్లీ కలుస్తాయి. గార్నెట్ ముందే పెరిగి ఉంది, ఆ తర్వాత కూడా రాయి నలుగుతూనే ఉందని అర్థం. కొన్నిచోట్ల నీలిరంగు కయనైట్ కూడా ఉంటుంది. ఈ ఖనిజాలు పుట్టాలంటే పదిహేను, ఇరవై కిలోమీటర్ల లోతు ఒత్తిడి కావాలి. ఇప్పుడవి పొలంగట్టు మీద దొరుకుతున్నాయంటే, పైనున్న అన్ని కిలోమీటర్ల రాయీ కొట్టుకుపోయిందన్నమాట.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ కూడా ఇందులో భాగమేనా?

అదే ప్రాంతం, వేరే కథ. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో అనే ముదురు రంగు అగ్నిశిల జాతి రాయి. భూమి లోపలి నుంచి వచ్చిన ద్రవం గదిలా ఒకచోట చేరి నెమ్మదిగా చల్లబడింది. నల్లటి రాయిలో బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ స్ఫటికాలు. అందులో బంగారం లేదు.

కంభం చెరువు, సోమశిల, వెలిగొండ ప్రాజెక్టు: ఇవన్నీ కొండల సందుల్లోనే ఎందుకు కట్టారు?

ముడతల వల్ల మనకు జరిగిన అతిపెద్ద మేలు ఇదే. పడమటి ప్రకాశం అంటేనే నీటి కరువు. ఆ కరువులో దొరికిన ప్రతి పెద్ద నీటి వసతీ ఈ కొండల ఆకారాన్ని నమ్ముకుని కట్టిందే.

ముడత పడిన క్వార్ట్‌జైట్ వరస ఒక సహజమైన గోడ. మైళ్లకొద్దీ ఎక్కడా తెగకుండా సాగుతుంది. పక్కనే ఉన్న పలకరాయి మెత్తన కాబట్టి అరిగి లోయ అవుతుంది. అడ్డు పగులు ఉన్నచోటో, పొర పల్చబడినచోటో వాగు ఆ గోడను కోసి అవతలికి పోతుంది. ఆ ఒక్క సందునూ మూస్తే చాలు, లోయంతా చెరువవుతుంది.

కంభం దగ్గర గుండ్లకమ్మ, జంపలేరు కలిసి కొండల మధ్య నుంచి పోయే సందులో విజయనగర కాలంలో కట్ట వేశారు. రాణి వరదరాజమ్మ కట్టించిందని జనం చెప్పుకుంటారు. అంత చిన్న కట్టతో అంత పెద్ద చెరువు నిలిచిందంటే, చోటు ఎంచినవాళ్లు కొండను ఎంత బాగా చదివారో చూడండి. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. సోమశిల దగ్గర పెన్న వెలికొండ వరసను అడ్డంగా కోసుకుని నెల్లూరు మైదానంలోకి దిగుతుంది. 78 టీఎంసీల డ్యామ్ ఆ సందులోనే ఉంది. వెలిగొండ ప్రాజెక్టులో నల్లమల సాగర్ జలాశయానికి సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అనే మూడు సందులను కట్టలతో మూశారు. మిగతా గోడంతా కొండే.

మరి అదే ప్రాజెక్టులో సొరంగాల పని ఎందుకంత ఆలస్యమైంది?

ఆలస్యానికి డబ్బు, కాంట్రాక్టుల లాంటి కారణాలు ఎన్నో ఉన్నాయి, వాటి జోలికి ఇక్కడ పోను. రాయి వల్ల వచ్చిన ఇబ్బంది మాత్రం నిజం. శ్రీశైలం జలాశయం దగ్గరి కొల్లంవాగు నుంచి దోర్నాల వైపుకు ఒక్కోటి 18.8 కిలోమీటర్ల పొడవున జంట సొరంగాలు నల్లమల కింద తవ్వారు. సొరంగం ముడతలకు అడ్డంగా పోతున్నప్పుడు గట్టి క్వార్ట్‌జైట్, వెంటనే నలిగిన పలకరాయి, మళ్లీ క్వార్ట్‌జైట్ మారిమారి వస్తాయి. బోరింగ్ మెషిన్‌కు ఇంతకంటే పెద్ద ఇబ్బంది ఉండదు. గట్టి రాయికి పళ్లు అరుగుతాయి, నలిగిన రాయి మీద పడి మెషిన్‌ను పట్టేస్తుంది. పగుళ్లలో నిలవున్న నీళ్లు ఒక్కసారిగా లోపలికి వస్తాయి. పైన పులుల అభయారణ్యం కాబట్టి మధ్యలో పైనుంచి షాఫ్టులు (నిలువు బావులు) తవ్వుకునే వీలూ లేదు.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లకు రాళ్లే కారణమా?

చాలావరకు రాళ్లే. కనిగిరి గ్రానైట్‌లో ఫ్లోరైట్ అనే ఖనిజం ఉంది. వర్షం తక్కువ, బోర్లు లోతు. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలవుంటే ఫ్లోరైడ్ దిగుతుంది. బోరు ఎంత లోతుకు దించితే అంత మంచి నీళ్లు వస్తాయన్న నమ్మకం ఇక్కడ పనిచేయదు. పళ్లు గారపట్టి, నడుములు వంగిపోయిన మనుషులున్న ఊళ్లివి. పైనుంచి తెచ్చే నది నీళ్లు, చెరువుల్లో నిలబెట్టే వాననీళ్లే వీటికి దారి. వెలిగొండ నీళ్లు ఈ ఊళ్లకు త్వరగా అందాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

శ్రీహరికోట దీవిలో కూడా ముడత రాళ్లున్నాయా?

పైన లేవు. శ్రీహరికోట ఇసుక దీవి. సముద్రపు అలలు, తీరం వెంబడి పోయే ప్రవాహాలు ఇసుకను బారులుగా పేర్చి, పులికాట్ సరస్సును సముద్రం నుంచి వేరుచేశాయి. ఇదంతా జరిగింది గత కొద్ది వేల ఏళ్లలోనే. ఆ ఇసుకలో కొంత భాగం పెన్న, స్వర్ణముఖి లాంటి నదులు పాత కొండల్ని అరగదీసి తెచ్చిందే. ముడత పడిన రాయి ఆ ఇసుకకూ మట్టికీ బాగా అడుగున ఉంటుంది.

ఉదయగిరి కొండ అంత నిటారుగా ఎందుకుంది?

పైన క్వార్ట్‌జైట్, పక్కల త్వరగా అరిగే శిస్టు. మెత్తనిది పోయేకొద్దీ గట్టిది గోడలా మిగిలింది. కొండ ఎత్తు 3,079 అడుగులు. శ్రీకృష్ణదేవరాయల సైన్యం 1513, 1514లలో నెలల తరబడి కింద కాచుకుని కూర్చోవాల్సి వచ్చింది ఈ గోడల వల్లే.

పాత పగుళ్లు ఇంకా కదులుతాయా? భూకంపాల భయం ఉందా?

కొద్దిగా కదులుతాయి. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో చిన్న ప్రకంపనలకు జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. హిమాలయాల దగ్గర భారత ఫలకం ఇంకా నెడుతూనే ఉంది. ఆ ఒత్తిడి దేశమంతా పాకి, ఎక్కడ పాత పగులు బలహీనంగా ఉంటే అక్కడ కాస్త బయటపడుతుంది. ఇవి కొత్త పర్వతాలు పుట్టించేవి కావు. ఇల్లు కట్టేటప్పుడు బెల్టు బీములు, మూలల్లో ఇనుము సరిగా వేయించుకోవడం మాత్రం ఈ జిల్లాలో అనవసరపు ఖర్చు కాదు.

ముడతలు కళ్లారా చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే ఘాట్‌లో, దిగువమెట్ట దాటాక, రోడ్డు కోసిన చోట్ల పొరలు వంగి కనిపిస్తాయి. దోర్నాల, శ్రీశైలం ఘాట్ కూడా మంచిదే, కానీ అది పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు, మధ్యలో దిగి అడవిలోకి నడవకూడదు. మార్కాపురం పలకల గనుల దగ్గర యజమానిని అడిగి లోపలికి వెళ్లండి. నెల్లూరు వైపువాళ్లకు పెంచలకోన బాగుంటుంది, వాగులో నీళ్లు కడిగిన రాతి ముఖాల మీద పొరలు తేటగా ఉంటాయి. వానలు తగ్గాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్తే ఎండా ఉండదు, జారుడూ ఉండదు.

అక్కడికి వెళ్లాక ఏం చూడాలి, ఏం రాసుకోవాలి?

ముందు పొర ఏదో, చీలే వాటం ఏదో వేరుచేయండి. రంగు మారే చోటు, ఇసుక రేణువుల సైజు మారే చోటు పొర. ఏ రంగులోనైనా ఒకే దిక్కుకు చీలేది వాటం. రెండూ ఒకే వైపుకు వాలి ఉన్నప్పుడు వాటం పొరకంటే నిటారుగా ఉంటే పొరలు సరిగానే ఉన్నట్టు. పొర వాటంకంటే నిటారుగా ఉంటే అక్కడ ముడత బోర్లా పడినట్టు. వెలికొండ అంచున ఇలాంటివి దొరుకుతాయి. అలల గుర్తులుంటే వాటి మొనలు ఎటున్నాయో చూడండి, మొన ఉన్న వైపే ఒకప్పటి పైభాగం. ఫోన్‌లోని కంపాస్‌తో పొర సాగే దిక్కు, వాలు కోణం రాసుకోండి. ఫోన్ కవర్‌లో అయస్కాంతం ఉంటే తీసేయండి, లేకపోతే దిక్కు తప్పు చూపిస్తుంది. ఫొటో తీసేటప్పుడు పక్కన పెన్నో నాణెమో పెట్టండి, ముడత ఎంత పెద్దదో తర్వాత చూసేవాళ్లకు తెలుస్తుంది.